పద్నాలుగో ప్రశ్నకు జవాబు

నేత మిల్లు ఆఫీసులో టైపిస్టుగా చేరిన పదకొండేళ్ళలో ఆమె మీద ఒక్క ఫిర్యాదు లేదు. అన్న మాటను అన్నట్టు ఎక్కిస్తుందని పేరు. ఎదుటివాడు తుమ్మితే తుమ్ము కూడా టైపు చేస్తుందని తోటివాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు. ఆ వేళాకోళం ఆమెకు లోలోపల నచ్చేది. ఇంట్లో అత్తగారి దగ్గర ఒకటి రెండుసార్లు చెప్పుకుంది కూడా.

ఆ పేరుకు మచ్చ పడిందన్న సంగతి ఆమెకే ముందు తెలిసింది. అదీ విడిభాగాల స్టోరులో, ఒక కుర్చీ చక్రం కోసం వెళ్ళినప్పుడు.

స్టోరు మిల్లుకు వెనక ఉంటుంది. పొడుగాటి గది, నేల నుంచి కప్పుదాకా ఇనప అరలు, గ్రీజు వాసన. అడ్డబల్ల వెనక ఒక పెద్దాయన మగ్గాల్లో అడ్డపోగు నడిపే నాడెలను గుడ్డతో తుడుస్తున్నాడు.

"కుర్చీకి చక్రం ఒకటి కావాలండీ, పాతది విరిగిపోయింది" అంది టైపిస్టు.

ఆయన తలెత్తి, "మన్నించండి" అన్నాడు.

లేవు కాబోలు అనుకుంది. "పోనీలెండి, వచ్చాక చెప్పండి" అని గుమ్మందాకా వెళ్ళింది.

"అదేంటమ్మా, వెళ్ళిపోతున్నారు?" అని ఆయన వెనకనుంచి కేకేశాడు. "ఏం కావాలో మళ్ళీ చెప్పమన్నాను. నా చెవులు అంతంతమాత్రం. కాస్త నా వైపు చూసి చెప్పండి."

ఆమె వెనక్కి తిరిగి ఆయన మొహం చూసింది. అప్పటికి గాని పోల్చుకోలేదు. ఏడాది కిందట విచారణ గదిలో తన ఎదురుగా కూర్చున్న మగ్గాల మెకానిక్కు ఈయనే. చక్రం ఇచ్చి సంతకం పెట్టించుకున్నాడు. మెట్లు ఎక్కుతున్నంతసేపూ ఆమె చెవిలో ఆ ఒక్క మాటే తిరిగింది. చివర కొంచెం పైకి లేచిన ఆ గొంతు తిరిగింది.

ఏడాది కిందట జరిగింది ఇదీ. మగ్గాల షెడ్డులో ఒక మగ్గం ఆపి ఉంచారు. ముందు వైపు ఒక నేతపనామె తెగిన పడుగు పోగులు ముడేస్తోంది. వెనక వైపు మెకానిక్కు వంగి పానాతో బోల్టు బిగిస్తున్నాడు. ఉన్నట్టుండి మగ్గం ఆడింది. ఆమె కుడిచేతి వేళ్ళు రెండు నలిగిపోయాయి. డాక్టర్లు వాటిని నిలబెట్టలేకపోయారు. ఆమె ఎవరో కాదు, ఆ మెకానిక్కు సొంత చెల్లెలు. ఆమెను మిల్లులో చేర్పించింది కూడా ఆయనే.

మూడో రోజున విచారణ. మీటింగు గదిలో పొడుగాటి బల్ల, నీళ్ళ జగ్గు, కిటికీ అవతల షెడ్డు హోరు. విచారణాధికారి తెచ్చుకున్న ప్రశ్నలను తల వంచి కాగితంలోంచి చదువుతూ పోయాడు. మెకానిక్కు కొన్నిటికి వెంటనే, కొన్నిటికి ఆలస్యంగా జవాబు చెప్పాడు. టైపిస్టు షార్ట్‌హ్యాండులో రాసుకుంది. పద్నాలుగో ప్రశ్న: మగ్గం ఆడించే పిడిని కదిపింది మీరేనా? దానికి ఆయన "మన్నించండి" అన్నాడు. సరిగ్గా అప్పుడే భోజనాల సైరను మోగింది. అధికారి గడియారం వంక చూసి, ఈసారి తలెత్తి, "ఇంకేమైనా చెప్పుకునేది ఉందా?" అని అడిగాడు. "ఏం లేదు సార్. మా చెల్లి చెయ్యి బాగైతే అంతే చాలు" అన్నాడు మెకానిక్కు. టైపిస్టు ఆ మాటా రాసుకుంది.

నివేదికలో అధికారి చెప్పింది చెప్పినట్టు టైపు చేసింది: కార్మికుడు తన పొరపాటును అంగీకరించి క్షమాపణ కోరాడు. మెకానిక్కు వచ్చి, చూపించిన చోట సంతకం పెట్టాడు. ఇరవై రెండేళ్ళు మగ్గాల మధ్య తిరిగిన మనిషిని స్టోరుకు మార్చారు. ఫైలు మూసేశారు.

ఇప్పుడు ఆమె ఆ ఫైలు తీయించింది. పద్నాలుగో జవాబు ఒక్క మాట. "మన్నించండి." ఆ మాట తరవాత చుక్క. తన పాత నోటుపుస్తకం వెతికి పట్టుకుంది. షార్ట్‌హ్యాండులో ఆ మాట మాత్రమే ఉంది, చుక్క లేదు, మరో గుర్తూ లేదు. చుక్క ఆమెదే. టైపు చేసేటప్పుడు పెట్టింది. అలవాటుగా పెట్టిందో, అలాగే విన్నాననుకుని పెట్టిందో ఎంత గుర్తు తెచ్చుకున్నా తేలలేదు.

మధ్యాహ్నం మగ్గాల షెడ్డు మనిషొకడు జీతం కాగితానికి వస్తే మాటల్లో పెట్టి అడిగింది.

"ఆయనకు చెవుడు కదా?"

"ఎవరికి, మన్నింపు మామకా?" అని నవ్వాడతను. "మా షెడ్డులో పదేళ్ళు చేస్తే ఎవరికైనా చెవులు పోతాయండీ. మేమందరం ఆఁ, ఆఁ అని అరుస్తాం. ఆయన ఒక్కడే 'మన్నించండి' అంటాడు. కుర్రతనంలో ఏదో లాడ్జిలో పనిచేశాడట. వినపడకపోతే ఆఁ అనకూడదు, అలా అనాలి అని అక్కడి మేనేజరు నూరిపోశాడట. షెడ్డుకు వచ్చినా మానలేదు. అందుకే ఆ పేరు."

షెడ్డులో రెండొందల మందికి తెలిసిన సంగతి, గోడ ఇవతల ఆఫీసులో ఒక్కరికీ తెలియదు.

ఆ సాయంత్రం ఇంట్లో అత్తగారు ఉల్లిపాయలు తరుగుతుంటే టైపిస్టు ఎదురుగా కూర్చుని జరిగింది చెప్పింది. అత్తగారు టెలిఫోను ఎక్స్చేంజీలో ముప్పై ఏళ్ళు ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి.

"నా సర్వీసులో రోజుకు రెండొందలసార్లు క్షమించమన్నానే అమ్మాయ్" అందావిడ. "లైను దొరక్కపోతే క్షమించండి. తప్పు నంబరైతే క్షమించండి. అవతలివాడు నోట్లో నీళ్ళు పోసుకుని మాట్లాడితే క్షమించండి, మళ్ళీ చెప్పండి. అందులో నేను చేసిన తప్పు ఒక్కటీ లేదు. తప్పు చేసిన రోజున మాత్రం, నిజం చెప్పొద్దూ, నోరు పెగల్లేదు."

"అంటే, ఎవరైనా ఆ మాటంటే ఒప్పుకున్నట్టు కాదంటారా?"

"బస్సులో జరగమనడానికీ ఆ మాటే. పక్కవాడి కాలు తొక్కినా ఆ మాటే. మీ మామగారు నాతో పోట్లాడి 'నన్ను క్షమించు తల్లీ' అని చేతులు జోడించేవారు చూడు, దానికి అర్థం ఇక నోరు ముయ్యమని!" అత్తగారు కత్తిపీట పక్కకు పెట్టింది. "గొంతు వినాలి, మొహం చూడాలి. నువ్వు కాగితం వంక చూస్తూ రాశావు. అంతే జరిగుంటుంది."

"ఇప్పుడేం చెయ్యను?"

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదంటారు గానీ, కాలింది నీ చేతులు కాదుగా. వెళ్ళి చెప్పు."

మర్నాడు పొద్దున్నే ఆమె అధికారి గదికి వెళ్ళింది. ఆయన చెడ్డవాడేమీ కాదు. రిటైరవడానికి ఎనిమిది నెలలుంది. ఏ గొడవా లేకుండా ఆ ఎనిమిది నెలలూ దాటాలన్నదే ఆయన ఆశ.

"చూడండమ్మా" అన్నాడు అంతా విని. "మాట ఆయనదే. సంతకం ఆయనదే. ఆయన కూడా ఏడాదిగా కిక్కురుమనలేదు. మానిన పుండును గోకడం ఎందుకు?"

"చుక్క నాది సార్."

"ఏం చుక్క?"

ఆమె చూపించింది. ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని ఆ చుక్క వంక చాలాసేపు చూశాడు.

"దీనికోసం ఫైలు తెరుస్తానా? కొత్త సంగతి ఏదైనా ఉంటే చెప్పండి. లేకపోతే వెళ్ళి పని చూసుకోండి."

ఆమె తన బల్ల దగ్గరకు వెళ్ళలేదు. తిన్నగా స్టోరుకు వెళ్ళింది. మెకానిక్కు ఎదురుగా నిలబడి, మొహంలో మొహం పెట్టి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"విచారణలో మీ జవాబు నేను తప్పుగా ఎక్కించాను. నన్ను క్షమించండి."

ఈసారి ఆయనకు వినపడింది. "దేనికమ్మా?" అన్నాడు.

ఆమె ప్రశ్ననూ జవాబునూ తెల్ల కాగితం మీద రాసి బల్లమీద పెట్టింది. మెకానిక్కు మూడుసార్లు చదివాడు. చదువుతున్నప్పుడు పెదాలు కదిలాయి.

"ఆ రోజు ఆయన అడిగింది ఇదా?"

"మీకు వినపడలేదు కదూ?"

"తల వంచుకుని చదువుతున్నాడాయె. పెదాలు కనపడితేనే నాకు మాట అందుతుంది. మళ్ళీ అడుగుతాడనుకున్నా. ఆయనేమో వేరే అడిగాడు." కాగితం పక్కకు జరిపాడు. "కానీ పిడి నేను కదపలేదని మీరెలా అనగలరు?"

ఈ ప్రశ్న వస్తుందని టైపిస్టు అనుకోలేదు. "మీరు కదిపారా?"

"తెలీదమ్మా. నేను వెనక ఉన్నాను. పానా జారి చట్రానికి కొట్టుకుంది. ఆ అదురుకి ముందు పిడి పడిందేమో అనుకున్నా. తరవాత మీ కాగితం మీద నేనే అని ఉంది. చదువుకున్నవాళ్ళు అన్నీ చూసి రాశారు కదా, అంతే అయ్యుంటుంది అనుకున్నా. ఏడాదిగా రోజూ పొద్దున లేచి ఆ పానా ఎలా జారిందా అని ఆలోచిస్తున్నా."

ఆయన ఏడవలేదు, గొంతు పెంచలేదు. నాడె తీసుకుని మళ్ళీ తుడవసాగాడు. క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు.

"పిడి పక్కన ఉన్నది మా చెల్లి" అన్నాడు చివరికి. "అదేం చూసిందో దాన్నే అడగండి. ఆ సంగతి మేమిద్దరం ఇంతవరకూ నోరెత్తి అనుకోలేదు. క్యాంటీనులో అదేదో అంది, నేనేదో అన్నాను. అంతే."

క్యాంటీను సంగతి మిల్లులో తెలియనివాళ్ళు లేరు. ఆస్పత్రి నుంచి వచ్చాక చెల్లెలు మొదటిరోజు పనిలోకి దిగినప్పుడు, అందరూ భోజనాలు చేస్తుండగా అన్న బల్ల దగ్గరకు నడిచి వచ్చి, "నిన్ను క్షమించాను అన్నయ్యా" అంది. ఆయన "మన్నించమ్మా" అన్నాడట. ఆమె ఏడ్చింది, చుట్టూ ఉన్నవాళ్ళూ కళ్ళు తుడుచుకున్నారు. అన్నాచెల్లెళ్ళంటే వీళ్ళే అని చెప్పుకున్నారు. రోజూ మన్నింపు మామ అని పిలిచేవాళ్ళు కూడా ఆ రోజు దాన్ని క్షమాపణగానే విన్నారు. ఆ గోలలో ఆయనకు ఆమె అన్న మాట అందనే లేదని, మళ్ళీ చెప్పమని అడిగాడని టైపిస్టుకు ఇప్పుడు అర్థమైంది.

చెల్లెలిని బట్ట తనిఖీ చేసే గదిలోకి మార్చారు. వాలు బల్ల మీద, కింద దీపం వెలుగుతున్న అద్దం మీదుగా బట్ట మెల్లగా జారుతూ ఉంటుంది. నేతలో లోపం కనపడిన చోట సుద్దతో గుర్తు పెట్టాలి. ఆమె సుద్దను ఎడమచేత్తో పట్టుకుని ఉంది. నలభై దాటిన మనిషి, మాటల పోగు. చుట్టుపక్కలవాళ్ళతో ఏదో ఒకటి వాగుతూనే ఉంటుందని పేరు.

టైపిస్టు పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, చుక్క సంగతి నుంచి పానా సంగతిదాకా చెప్పింది. చెప్తుండగా బట్ట మీద ఒక లోపం జారిపోయింది, మరోటి జారిపోయింది. చెల్లెలు గుర్తు పెట్టలేదు.

"ఆగు, ఆగు" అంది. "అన్నయ్య ఒప్పుకోలేదా?"

"ప్రశ్నే వినపడలేదు."

"వాడు చూశాడనుకున్నానే! అంతా చూశాడు, నా కోసం మీదేసుకున్నాడు అనుకున్నానే!"

"ఏం చూశాడని?"

ఆమె చెయ్యి చాచి యంత్రం ఆపింది. బట్ట నిలిచిపోయింది.

"పిడి నా నడుముకే తగిలింది" అంది నెమ్మదిగా. "అవతలి పోగు అందలేదు, ఇంకొంచెం వంగాను. తగిలిన క్షణమే నాకు తెలుసు. ఆస్పత్రిలో ఉండగా చెప్పారు, మీ అన్న ఒప్పుకున్నాడు, క్షమించమన్నాడు అని. గోరుచుట్టు మీద రోకటిపోటులా అనిపించింది మొదట. తరవాత... హాయిగా అనిపించింది. నీకు అబద్ధం చెప్పను. వేళ్ళు పోయాయి, పైగా నా తప్పే అని కూడా ఎవరు మోస్తారు? వాడు మోస్తానంటే సరే అనుకున్నా."

"మరి అందరి ముందూ క్షమించానని ఎందుకన్నావు?"

"అందరూ నా మొహమే చూస్తున్నారు. పలకరించకపోతే పగ పెట్టుకుందంటారు. పలకరిస్తే ఏమనాలి? నోటికి అదొక్కటే వచ్చింది." చెల్లెలు సుద్ద కింద పెట్టింది. "వాడు చూసి కూడా చెప్పలేదు గదా, నా మాటలోని గుట్టు వాడికి తెలుస్తుందిలే అనుకున్నా. వాడికి ఏదీ తెలియలేదన్నమాట. పానా జారిందని కుమిలిపోతున్నాడన్నమాట."

ఆమె అక్కడే, తనిఖీ పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, ఎడమచేతి వంకర అక్షరాలతో జరిగిందీ, క్యాంటీనులో తానన్న మాటా రాసి సంతకం పెట్టింది. టైపిస్టు దాన్ని దిద్దలేదు.

ఆ కాగితం చేతికి వచ్చాక అధికారికి ఫైలు తెరవక తప్పలేదు. నాలుగో రోజున అదే గది, అదే బల్ల. ఈసారి కిటికీ మూశారు. ప్రశ్న పెద్ద అక్షరాలతో రాసి మెకానిక్కు ముందు పెట్టారు. ఆయన చదివి, "నేను వెనక ఉన్నాను. పిడి ఎవరు కదిపారో చూడలేదు" అన్నాడు. టైపిస్టు ఆయన మొహం వంక చూస్తూ రాసుకుంది. తరవాత చెల్లెలి కాగితం ఆయన చేతికిచ్చారు.

చదవడం అయ్యాక ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టాడు. మళ్ళీ విప్పాడు.

"నీకు తెలుసా?" అన్నాడు చెల్లెలితో.

"తెలుసన్నయ్యా."

"మొదట్నుంచీ?"

"ఆఁ."

"తెలిసుండి నువ్వు నన్ను క్షమించావా? షెడ్డంతా చూస్తుండగా? ఏం మొహం పెట్టుకుని?"

"అన్నయ్యా, నేను..."

"పిడి తగలడం తప్పు కాదే. ఎవరికైనా తగులుతుంది. ఆ పిడికి అడ్డు కావాలని నేనే రెండుసార్లు రాసిచ్చాను, ఎవరూ పెట్టలేదు. నేను దానికి అనడం లేదు." ఆయన గొంతు మొదటిసారి పెరిగింది. చెవిటివాళ్ళ గొంతు పెరిగితే ఎంతదాకా పోతుందో వాళ్ళకు తెలియదు. నడవాలోని వాళ్ళు తొంగి చూశారు. "క్షమించానన్నావు చూడు, దానికి అంటున్నా!"

చెల్లెలు బల్ల పక్కకు వచ్చి, ఆయన చెయ్యి పట్టుకోబోయింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, అధికారికి నమస్కారం పెట్టి బయటికి వెళ్ళిపోయాడు.

సవరణ పత్రం ఆ రోజే టైపు అయింది. పాత వాక్యం కొట్టివేయబడింది. పద్నాలుగో జవాబు పక్కన, "ప్రశ్న వినపడక మళ్ళీ అడగమని కోరాడు" అని చేర్చారు. దాని కింద, "మొదటి నకలులో పొరపాటు టైపిస్టుది" అని ఆమె తన వాక్యం తానే చేర్చుకుంది. అధికారి అది అక్కర్లేదన్నాడు గానీ కొట్టెయ్యలేదు. పదకొండేళ్ళలో తన పేరు తాను టైపు చేసుకోవడం అదే మొదలు. రెండు నెలలకు షెడ్డులోని మగ్గాలన్నిటికీ పిడుల ముందు ఇనప అడ్డు బిగించారు. మెకానిక్కును మళ్ళీ షెడ్డుకు రమ్మన్నారు. ఆయన రానన్నాడు. స్టోరులో పెదాలు కనపడతాయి, నాకిక్కడే బాగుంది అన్నాడు. టైపిస్టు అడపాదడపా ఏదో వంకతో వెళ్తే స్టూలు చూపించి కూర్చోమనేవాడు. ఆ సంగతి మాత్రం ఎత్తేవాడు కాదు.

చెల్లెలితో మాట్లాడలేదు. ఇద్దరివీ ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్ళు. ఇదివరకు సాయంత్రం కలిసి నడిచి వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు ఆయన వెనక గేటు గుండా పోతున్నాడు. చెల్లెలు మూడు వారాలు ముందు గేటు దగ్గర నిలబడి చూసింది. నాలుగో వారం నుంచి తానూ వెనక గేటుకే వెళ్ళసాగింది. ఆయన ముందు, ఆమె పది అడుగులు వెనక. ఆయనకు అడుగుల చప్పుడు వినపడదు కాబట్టి ఆమె వస్తున్నట్టు తెలుసో తెలియదో ఎవరూ చెప్పలేకపోయారు. మెకానిక్కు భార్య ఆమెతో, "పోనీ వెళ్ళి కాళ్ళమీద పడరాదూ?" అందట. "పడితే మళ్ళీ అందరూ చూస్తారు. ఈసారి ఎవరూ చూడకుండానే జరగనీ" అందట చెల్లెలు. అంత వాగుడుకాయకూ ఆ నెలంతా మాట తక్కువే అయింది.

టైపిస్టు బల్ల పక్క కిటికీలోంచి వెనక గేటు కనపడుతుంది. ఆమె ప్రత్యేకించి చూడలేదు గానీ, పని ముగించి కాగితాలు సర్దుకునే వేళకు కళ్ళు అటు పోయేవి. పది అడుగులు కొన్నాళ్ళకు ఐదయ్యాయి. ఇద్దరిలో ఎవరు నడక మార్చారో తెలియదు.

ఒక మబ్బు సాయంత్రం మెకానిక్కు గేటు దాటి ఆగాడు. వెనక్కి తిరగలేదు. చెల్లెలు కూడా ఆగింది. తరవాత నడిచి ఆయన పక్కకు వెళ్ళి ఏదో అంది. ఆయన చేతిలోని గొడుగు విప్పుతూ, ఆమె వైపు చూడకుండానే, మోచేత్తో ఆమెను ఇటు నుంచి అటు జరగమన్నాడు. ఆయనకు ఎడమ చెవి కొంచెం నయం. చెల్లెలు ఎడమ పక్కకు మారింది. ఇద్దరూ రోడ్డు వారగా నడుచుకుంటూ పోయారు. చినుకులు మొదలయ్యాయి. టైపిస్టు కిటికీ మూసి కుర్చీ బల్ల కిందికి తోసింది.